ఎలోయ్ బూట్లు

ఓఫీలియా చెల్లెలు చేలోకి కోపం వస్తే కారు వేగం తగ్గుతుంది. లోకంలో అందరికీ పెరుగుతుంది, ఆవిడకి మాత్రం తగ్గుతుంది. పక్కన కూర్చున్న మనిషిని తీరిగ్గా, ఒక్క మాటా వదలకుండా తిట్టాలి కదా మరి. ఫిబ్రవరి ఆఖరి వారం, ఎదురుగా పది మైళ్ళ మేర ఒక్క బండి కూడా లేని న్యూ మెక్సికో ఎడారి రోడ్డు మీద ఆమె కారు నత్తనడక నడుస్తోంది.

"ఇంకోసారి చెప్పక్కా. నా చెవులే సరిగ్గా లేవేమో."

"ఏడురంగుల గుహకి పోదాం అన్నాను," అంది ఓఫీలియా, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"సాంతా బ్రిజీదా గుహకి టికెట్లు ఎప్పుడు తీసుకున్నానో తెలుసా? డిసెంబరులో! ఫోను చెవిలో పెట్టుకుని గంటన్నర ఆ వెధవ సంగీతం విని మరీ తీసుకున్నా. రెండింటికి మన వంతు. బావకి ఆ గుహంటే ప్రాణం. పోయి ఏడాది కావస్తోంది, అక్కని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్తే కాస్త మనసు కుదుటపడుతుందని నేననుకుంటే, నువ్వు ఆ రంగుబల్బుల కొట్టుకి పోదామంటావా? వాకిట్లో సిమెంటు డైనోసారున్న గుహకి?"

"డైనోసారుంటే ఏమైందే? బాగానే ఉంటుంది చూడ్డానికి."

"నీకు అరవై నాలుగేళ్ళు!"

చెప్పుకోదగ్గ కారణమైతే ఓఫీలియా చెప్పేదే. ఆమె కారణం వెనక డిక్కీలో, రెండు దుప్పట్ల కింద, నల్లటి ప్లాస్టిక్ సంచిలో ఉంది.

ఆ సంచిలో ఉన్నవి ఎలోయ్ బూట్లు. ఎలోయ్ ఆమె భర్త. వారమంతా హైవే మీద రోడ్డు చదును చేసే యంత్రం నడిపి, ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి గుహల్లో దూరేవాడు. టికెట్టూ మెట్లూ ఉన్న గుహలు కావు, పొట్ట మీద పాక్కుంటూ పోవలసినవి. పోయినేడు మార్చి పద్నాలుగున బెర్నాల్ గుహ నుంచి ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం వాకిట్లోనే బూట్లు విప్పి, సంచిలో పెట్టి మూతి కట్టి, దాని మీద చీటీ రాసి అతికించాడు. ఆ తరువాత లోపలికొచ్చి ఛాతీలో మంటగా ఉందన్నాడు. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

చీటీ మీద ఆయన వంకరటింకర అక్షరాలు అలాగే ఉన్నాయి. "మురికి. బెర్నాల్ గుహ. మార్చి 14. ఓఫీ, నువ్వు ముట్టుకోకు. నేనే కడుగుతా."

ప్రతిసారీ అదే రాసేవాడు. రాయడానికి కారణం ఉంది. ఒకసారి ఆమె పాపం మంచిపని చేస్తున్నాననుకుని ఆ బూట్లు వంటింటి సింకులో చన్నీళ్ళతో కడిగేస్తే నెత్తి బాదుకున్నాడు. గుహమట్టిలో కంటికి కనపడని బూజు ఉంటుందట. అది మనుషుల్నేం చెయ్యదు. చలికాలం తలకిందులుగా వేలాడుతూ నిద్రపోయే గబ్బిలాల ముక్కుల మీద తెల్లగా పట్టుకుంటుంది. వాటికి నిద్ర చెడుతుంది. ఆకలేసి మంచులో బయటికెగిరి, తినడానికి ఒక్క పురుగు కూడా దొరక్క చచ్చిపోతాయి. ఒక గుహలో తిరిగిన బూటు కడక్కుండా ఇంకో గుహలో పెడితే ఆ రోగాన్ని మోసుకెళ్ళి ఇచ్చినట్టే. మరిగే నీళ్ళలాంటి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, బ్రష్షు పెట్టి తోమాలి. ఇదంతా ఆయన అన్నం దగ్గర చెప్పేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే బూజు గురించి చెప్పే మొగుడు ఇంకెవరికీ ఉండడని ఆమె విసుక్కునేది.

ఇప్పుడు వంటింట్లో బూజు గురించి చెప్పేవాళ్ళెవరూ లేరు. పదకొండు నెలలుగా ఆ సంచి వాకిట్లో అలాగే ఉంది. ఆమె కడగలేదు. నేనే కడుగుతా అని ఆయన రాశాడు కదా. ఆ మట్టి అలా ఉన్నంతకాలం ఆయన చెయ్యాల్సిన పని ఒకటి ఇంకా మిగిలుందని, పని సగంలో వదిలేసే మనిషి కాదని, ఆమెలో ఒక మూల పిచ్చి ఆశ. పిచ్చిదని ఆమెకే తెలుసు. తెలిసినంత మాత్రాన పోతుందా?

ఇంకో సంగతి కూడా ఉంది. ఇరవై ఏళ్ళు ఆయన ఆమెని ఒక్క గుహకి రమ్మని బతిమాలాడు. చీకటంటే ఆమెకి గుండెదడ. "వచ్చే ఏడు" అనేది. ప్రతి ఏడూ అదే మాట. ఈ ఏడు వెళ్ళాలనుకుంది, ఆయన బూట్లు వేసుకుని, ఆయన ఆఖరిసారి తొక్కిన మట్టితో. ఒక్కసారి. సాంతా బ్రిజీదాలో అది కుదరదు. అక్కడ వాకిట్లోనే మనిషిని నిలబెట్టి అడుగుతారు, ఈ బూట్లు ఇంకే గుహలోనైనా తిరిగాయా అని. ఏడురంగుల గుహలో ఎవరూ ఏమీ అడగరు.

సాంతా బ్రిజీదా వాకిట్లో నిలబడి శనివారాలు ఆ ప్రశ్న అడిగిన మనిషి ఎలోయే. జీతం లేకుండా, తొమ్మిదేళ్ళు.

"నీకు గుర్తుందా," అంది చేలో, కోపం చల్లారకపోయినా నవ్వాపుకోలేక. "మా ఆయన ఒట్టేసి మరీ కొత్త బూట్లన్నాడు. బావ వంగి చూసి, అడుగున మట్టి గీకి, నలభై మంది ముందు వెనక్కి పంపేశాడు. మా ఆయన్ని గుమ్మంలోంచి గెంటడానికి నాకు ఇంకో ఆరేళ్ళు పట్టింది."

ఓఫీలియా కూడా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఒకసారి వెనక డిక్కీ వైపు చూసింది.

రోడ్డు చీలే చోట పెట్రోలు బంకు ఉంది. కుడికి పోతే సాంతా బ్రిజీదా నలభై మైళ్ళు, ఎడమకి పోతే ఏడురంగుల గుహ పద్దెనిమిది. చేలో అక్కడ కారాపి, ఇంటి నుంచి తెచ్చిన, రొట్టెలో కూర చుట్టిన బురీతోల పొట్లం విప్పింది. ఇద్దరూ కారు బానెట్టుకి ఆనుకుని తిన్నారు. పచ్చిమిరప ఘాటుకి ఓఫీలియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది మిరప వల్లేనని చేలో నమ్మినట్టే నటించింది.

"నిజం చెప్పు. అక్కడ బావ గుర్తొస్తాడని భయమా?"

"భయమే అనుకో."

"అయితే ఇంటికే పోదాం. ఆ డైనోసారు దగ్గర నీకేం పని?"

"అడగొద్దే చేలో. నా కోసం రా. అంతే."

చేలో రేకుకాగితం ఉండచుట్టి చెత్తడబ్బాలోకి విసిరింది. గురి తప్పింది. తిట్టుకుంటూ వెళ్ళి తీసి మళ్ళీ వేసింది. "సరే. నీ మొగుడు, నీ ఏడుపు, నీ డైనోసారు," అంటూ కారెక్కి ఎడమకి తిప్పింది. ఈసారి వేగంగానే నడిపింది. అంటే కోపం పోయి దిగులు పట్టుకుందన్నమాట.

ఏడురంగుల గుహ ముందు ఆ రోజు ఇంకో కారు లేదు. పచ్చరంగు వెలిసిపోయిన డైనోసారు ఒంటరిగా నిలబడి ఉంది. దాని తోక విరిగితే ఎవరో ఇనుపతీగతో కట్టారు. ఓఫీలియా డిక్కీ తెరిచి, దుప్పట్లు పక్కకి లాగి, సంచి మూతి విప్పింది. మూడు జతల మేజోళ్ళు ఒకదాని మీదొకటి వేసుకుంది. అయినా ఆ బూట్లలో ఆమె పాదాలు కదులుతున్నాయి. మట్టి ఎండి, బూడిదరంగు పెచ్చులు కట్టి ఉంది.

చేలో చూస్తూ నిలబడింది.

"బావ బూట్లేనా?"

"ఊఁ."

"అందుకా ఇక్కడికి."

"ఊఁ."

"కడిగేస్తే సరిపోయేది కదక్కా. అక్కడికే వెళ్ళేవాళ్ళం."

"కడిగితే ఇంకేం మిగుల్తుందే నాకు?" అంది ఓఫీలియా. గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. చేలో ముందుకి వంగి అక్క బూటు తాడు బిగించి కట్టింది. ఎడమ బూటుకి మామూలు తాడు కాదు, నారింజరంగు నైలాన్ తాడు ఉంది.

టికెట్లిచ్చే గదిలో ఒక్క ముసలాయన ఉన్నాడు. లెస్టర్ ప్రూట్. ఆ గుహ వాళ్ళ తాతది. టికెట్లు చించేదీ ఆయనే, లోపలికి తీసుకెళ్ళి చూపించేదీ ఆయనే, బయటికొచ్చాక మిఠాయి అమ్మేదీ ఆయనే. ఎనభై దాటి ఉంటాయి.

"చలికాలం ఎవరూ రారండీ. మీకోసమే తెరిచినట్టుంది," అని నవ్వుతూ టార్చి తీసుకుని, ఇనుపతలుపు తాళం తీశాడు. లోపలి నుంచి చల్లటి గాలి వచ్చి ఓఫీలియా ముఖానికి తగిలింది. గుండె దడదడలాడింది. గడప మీద కుడికాలు పెట్టింది. ముసలాయన మెట్టు చూపించడానికి టార్చి కిందికి దించాడు. ఆ వెలుగు ఆమె బూట్ల మీద పడింది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఆ తాడు," అన్నాడు. "ఆ నారింజ తాడు నేనిచ్చిందే. ఈ గుమ్మంలోనే తెగింది ఆయన బూటు తాడు. మీరు ఎలోయ్ గారి మనుషులా?"

ఓఫీలియాకి అర్థం కాలేదు. "మా ఆయన ఇక్కడికొచ్చారా?"

"వచ్చారా అంటారేంటమ్మా! ఏటా జనవరిలో వస్తాడు గబ్బిలాలు లెక్కపెట్టడానికి. పదకొండేళ్ళ నుంచీ. నా రంగుబల్బుల్ని చూసి తిడతాడు, నా మిఠాయి తింటాడు, లెక్కపెట్టుకుని పోతాడు. ఈ జనవరిలో రాలేదు. మోకాలు నొప్పన్నాడు కదా, అదేమో అనుకున్నా. ఎలా ఉంది మోకాలు?"

ఎలోయ్ పోయిన సంగతి చేలో చెప్పింది. లెస్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నాకెవరూ చెప్పలేదమ్మా," అన్నాడు. "నాతో పోట్లాడేవాడు. వచ్చేవాళ్ళ బూట్లు చూడు లెస్టర్, పక్క జిల్లా దాకా వచ్చేసిందా రోగం అని. అసలే వచ్చేది నలుగురు, ఆ నలుగుర్నీ బూట్లు విప్పమంటే ఎవడొస్తాడయ్యా అనేవాణ్ణి. అయితే నావి కడుక్కోనీ అన్నాడు. అప్పటికే కడుక్కునే వచ్చేవాడు. అయినా వెనక బేసిను పెట్టించి, నా కళ్ళ ముందు మళ్ళీ కడిగేవాడు. నాకు సిగ్గు రావాలని."

"వచ్చిందా?" అని అడిగింది చేలో.

"వచ్చింది. కానీ ఎవర్నీ అడగలేదు." ఆయన ఓఫీలియా బూట్ల మట్టి మీద నుంచి చూపు మరల్చుకున్నాడు. "మిమ్మల్నీ అడగను. మీ ఇష్టమమ్మా. రండి."

ఓఫీలియా కాలు ఇంకా గడప మీదే ఉంది. ఆమెకి ఒక్కసారిగా ఎలోయ్ మీద ఒళ్ళు మండిపోయింది. ఎవరూ అడగని చోట కూడా కడుక్కున్నావా? నాకోసం ఒక్క గుహ అయినా వదల్లేదా? నేను దొంగతనంగా దూరదామని వస్తే ఇక్కడా గుమ్మంలో నువ్వే నిలబడ్డావా? ఇంకొక్క అడుగు వేస్తే చాలు. ముసలాయన ఏమీ అనడు, చేలో ఏమీ అనదు. లోపల చీకట్లో నిద్రపోతున్నవి కూడా ఏమీ అనవు.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"వేడినీళ్ళు దొరుకుతాయా?" అంది.

బేసిను గది వెనకే ఉంది, గోడకి బోర్లించి. పక్కన మేకుకి బ్రష్షూ, దారంతో కట్టిన ఉష్ణమాపకం వేలాడుతున్నాయి. ఆ దారం ముడి చూడగానే ఓఫీలియా గుర్తుపట్టింది. ఇంట్లో కిటికీ తెరలకీ, టమాటా మొక్కలకీ, అన్నిటికీ అదే ముడి. లెస్టర్ రెండు కెటిళ్ళ నీళ్ళు మరిగించి తెచ్చి పోశాడు. ఆమె బూట్లు విప్పి నీళ్ళలో ముంచింది.

ఇరవై నిమిషాలు. నీళ్ళ రంగు కొంచెం కొంచెంగా మారుతుంటే ఆమె మేజోళ్ళతో సిమెంటు దిమ్మ మీద కూర్చుని చూసింది. చేలో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తరువాత ఓఫీలియా బ్రష్షు పెట్టి తోమింది. పెచ్చులు మెత్తబడి ఊడిపోతుంటే ఆమెకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తోమింది. మడమ దగ్గర గాడిలో, ఒక్క చోట, వేలెడంత మట్టి గట్టిగా ఇరుక్కుని ఉంది.

"అది ఉండనీ అక్కా," అంది చేలో మెల్లగా. "అంత చిన్నదానికి ఏమవుతుంది?"

"ఆయనైతే వదలడు," అంది ఓఫీలియా. జడపిన్ను తీసి, దానితో ఆ మట్టినీ గీకేసింది.

బేసిను నీళ్ళు గుహ వైపు పారకూడదు. అదీ ఆమెకి తెలుసు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని కార్లు ఆపే చోటికి మోసుకెళ్ళి, డైనోసారు పక్కన ఎండలో తారు మీద పోశారు. నీళ్ళు నల్లగా పరుచుకున్నాయి. ఎడారి గాలికి అంచుల నుంచి ఆరడం మొదలుపెట్టాయి. ఓఫీలియా అక్కడే నిలబడి పూర్తిగా ఆరేదాకా చూసింది. సన్నటి బూడిదరంగు పొర మిగిలింది. కాసేపటికి గాలి దాన్ని కూడా లేపుకుపోయింది.

తడి బూట్లతోనే గుహలోకి దిగింది. చేలోవి ఆ వారమే కొన్న బూట్లు. అయినా లెస్టర్ వాటిని వంగి చూశాడు. ఇన్నేళ్ళకి మొదటిసారి ఒకరి బూట్లు చూశాడేమో, చూడ్డం కూడా చాతకాలేదు.

లోపల ఎర్ర బల్బులూ నీలం బల్బులూ చూసి చేలో నోరు నొక్కుకుంది. చివరి గదికి ముందు లెస్టర్ అన్నీ ఆర్పేశాడు. చిన్న టార్చికి ఎర్రకాగితం చుట్టి పైకి ఎత్తాడు. గబ్బిలాల నిద్ర చెడకుండా ఆ కాగితం చుట్టించింది ఎలోయేనట. ఓఫీలియా చీకట్లో చేలో మోచెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. పైన, రాతి మడతల్లో, అవి బొటనవేలంత ముడుచుకుని, పక్కపక్కనే ఆనుకుని పడుకుని ఉన్నాయి. ఒక్కటి చెవి కదిలించింది. ముక్కులు నల్లగా ఉన్నాయి. అన్నీ నల్లగానే ఉన్నాయి.

ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై దాకా వచ్చేసరికి కళ్ళు మసకబారి లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది, మళ్ళీ తప్పింది. చేలో రెండు వందల నాలుగు అంది. "పోయినేడు ఆయన లెక్క రెండు వందల పన్నెండు," అని గుసగుసగా చెప్పి, లెస్టర్ జేబులోంచి అట్టముక్క తీసి రాసుకున్నాడు. ఓఫీలియా అక్కడే ఇంకాసేపు నిలబడింది. ఇరవై ఏళ్ళు ఆయన చూపిస్తానన్నది ఇదే. ఎంతసేపూ పట్టదు ఓఫీ, ఒక్క అరగంట అనేవాడు. నిజంగానే అరగంటే పట్టింది. ఆ అరగంట ఇవ్వనందుకు ఆమెకి గుండె పిండేసినట్టయింది. పక్కన ఆయన లేడు. ఎంత చీకట్లో వెతికినా లేడు.

బయటికొచ్చాక ఎండకి కళ్ళు బైర్లు కమ్మాయి. లెస్టర్ మిఠాయి పొట్లం కట్టి చేలో చేతిలో పెట్టాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. ఓఫీలియా కారు దగ్గర కూర్చుని బూట్లు విప్పింది. అడుగున ఏడురంగుల గుహ ఎర్రమన్ను కొత్తగా అంటుకుని ఉంది. అంటే అవి మళ్ళీ మురికి బూట్లే. వాటిని సంచిలో పెట్టి మూతి కట్టింది. ఎలోయ్ రాసిన చీటీ చిరగకుండా గోటితో ఊడదీసి, మడిచి, జాకెట్టు జేబులో దాచుకుంది. చెల్లెల్ని అడిగి కాగితమూ కలమూ తీసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కొత్త చీటీ రాసింది.

మురికి. ఏడురంగుల గుహ. ఫిబ్రవరి 26.

అక్కడ ఆగింది. ఆ తరువాత ఏం రాయాలో ఆమె చేతికి తెలుసు, ఇరవై ఏళ్ళుగా చదివిన మాటే. నువ్వు ముట్టుకోకు అని రాయడానికి ముందు ఒక పేరు రాయాలి. కలం కాగితం మీద పెట్టి చాలాసేపు చూసింది. చేలో కారు స్టార్ట్ చేసి ఎదురుచూసింది. ముట్టుకోవద్దని చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఓఫీలియా ఆ మాట వదిలేసి, మిగిలిన రెండు మాటలే రాసింది.

నేనే కడుగుతా.